చుట్టకు నిప్పు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభ సమయమున నన్ను గూడ నాలుగు మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఏ భారతమునుండియో ఏ భాగవతమునుండియో యొక ఘట్టమును గైకొందునని వారు తలంచి యుందురు. నేను పండితుడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళల ఈ గ్రంథాలయపు దీపము క్రింద నాలుగు ముక్కలు నేర్చుకొన్నవాడను. అందుచేత చదివినదానికంటె అనుభవించినదానినే యెన్నుకొంటిని. ఆరుబయట, గాలిలో, చుట్టకు గాని పైపునకు గాని నిప్పు ముట్టించుకొనుట కేది క్షేమమైన పద్ధతి యన్నదే నా విషయము. కొందరు నవ్వుచున్నారు. నవ్వుడు. కడపట నేను మీకొక లెక్క అప్పగింపవలసి యున్నది. అది విన్న పిమ్మట మరల నవ్వవచ్చును.

పొగ త్రాగుడని చెప్పుటకు నేను రాలేదు. పొగాకు నోటికిని, గొంతునకును, ఊపిరితిత్తులకును క్యాన్సరు తెచ్చునని వైద్యులు నిశ్చయముగా చెప్పుచున్నారు. 2008 అక్టోబరు 2వ తేదీ నుండి మన దేశమున బహిరంగ స్థలములందు పొగ త్రాగుట నిషిద్ధము. గ్రంథాలయములును అందు చేరినవే. మానగలవారు మానుటకంటె మేలు లేదు. అయినను మన గోదావరి లంకలలో పొగాకు తరతరములుగా పండుచున్నది. చుట్ట విడువలేని పెద్దలు మనలో నింకను గలరు. వారి ఊపిరి వారిది కావచ్చును గాని, వారి నిప్పు పొరుగువాని గడ్డిమేటుపై పడినచో అది ఊరందరి వ్యవహారము.

ఇల్లు కాలి యొకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడుగ వచ్చినవాని సామెత మనకందరకును తెలిసినదే. ఆ వచ్చినవాని నిర్దయను జూచి నవ్వుదుము. ఆ ఇల్లెట్లు కాలెనో సామెత చెప్పదు. ఎవరి చుట్ట నిప్పో దానికి మూలమై యుండునని నాకు చాలకాలముగా అనుమానము. ఏలయన, సగము కాల్చిన చుట్టను, ఆరినదనుకొని, తాటాకింటి చూరులో దోపుట మన పెద్దల యలవాటు. చుట్ట నిప్పు అంత సులభముగా చావదు. ఆకు పొరల నడుమ నుసి క్రింద దాగియుండి, గాలి తగిలినప్పుడు మరల కన్ను తెరచును.

పొగాకు మన పురాణములలో లేదు. అది అమెరికా ఖండమున పుట్టి పోర్చుగీసువారి ఓడలపై మన దేశమునకు వచ్చినది. నిప్పును గూర్చి మాత్రము మన పూర్వులు చెప్పవలసినదంతయు చెప్పియే యున్నారు. అరణ్యపర్వమున యక్షప్రశ్నలకు మూలమేమి? ఒక బ్రాహ్మణుని అరణి. చెట్టునకు తగిలించిన ఆ నిప్పుకొయ్యలు లేడి కొమ్ములకు చిక్కుకొనగా, దానిని వెంటాడి అలసియే పాండవులు ఆ సరస్సు చేరిరి. నిప్పు పుట్టించు సాధనమును గృహస్థు ఎంత భద్రముగా చూచుకొనెడివాడో ఈ కథ వలన తెలియును.

అమరకోశమున అగ్నికి గల నామములలో మూడు మన పనికి వచ్చును. ఒకటి వాయుసఖుడు, అనగా గాలికి మిత్రుడు. రెండవది ఆశ్రయాశుడు, తనకు చోటిచ్చినదానినే తినువాడు. మూడవది కృష్ణవర్త్ముడు, నడచిన దారి నెల్ల నల్లచేయువాడు. ఈ మూడు పేర్లును జ్ఞప్తియందున్నవానికి నేను క్రొత్తగా చెప్పవలసినది స్వల్పము.

ఇక సాధనములు. మా తాతగారి రొంటిని చెకుముకి సంచి యుండెడిది. అందొక రాయి, ఒక ఉక్కు ముక్క, మాడ్చిన దూది కూరిన గొట్టము. రాతిపై ఉక్కు కొట్టగా రాలిన రవ్వ దూది నంటుకొనును. ఇందు మంట లేదు, కణిక మాత్రమే. గాలి వీచినకొలది అది ఆరుటకు మారుగా రాజుకొనును. పని కాగానే గొట్టమునకు మూత బిగించినచో ఊపిరాడక చచ్చును. వెనుకటి సాధనములలో నాకు దీనియందే గౌరవము. కాని అభ్యాసము లేనివాడు కొట్టిన రవ్వలు నలుదెసల రాలును. దూది చెమ్మగిల్లినచో పని జరుగదు. దుకాణముల ముందు వ్రేలాడదీయు కొబ్బరిత్రాటి నిప్పు గూడ ఈ జాతిదే. గోడప్రక్క నది మేలే గాని, పొలమునకు పనికిరాదు. పొయ్యిలోని కణికను పిడకపై నిడుకొని వేసవి గాలిలో నడచుట యన్నిటికంటె చెడ్డది. అడుగడుగునకు రవ్వ రాలును.

తరువాతిది అగ్గిపెట్టె. పూర్వపు అగ్గిపుల్లలలో తెల్ల భాస్వరముండెడిది. ఎచ్చట గీచినను మండెడిది. దానిని తయారుచేయు కూలీల దవడ యెముకలు కుళ్ళిపోయెడివి. 1913లో మన దేశమున చట్టముచే దానిని నిషేధించిరి. ఇప్పటి పుల్ల 1844లో స్వీడను దేశమున గుస్తావ్ ఎరిక్ పాష్ కనిపెట్టిన రకము. ఎర్ర భాస్వరము పెట్టె ప్రక్కన, పొటాసియం క్లోరేటు పుల్ల తలయందు, వేరువేరుగా నుండును. రెండును ఒరసికొన్నప్పుడే మంట. అందుకే దానికి క్షేమపు పుల్ల యని పేరు వచ్చెను. ఈ విద్యను 1920 ప్రాంతములలో కలకత్తాలో నేర్చి వచ్చిన ఇద్దరు నాడారు యువకుల మూలముననే శివకాశి అగ్గిపెట్టెల ఊరైనది. 2021 డిసెంబరున పెట్టె వెల రూపాయి నుండి రెండు రూపాయలైనను, నేటికిని ఇంత చవుకైన నిప్పు వేరొకటి లేదు.

అయితే ఆ క్షేమము గీచువరకే. గీచిన పిమ్మట అది అన్ని నిప్పులవంటి నిప్పే. మంట ఆరినను పుల్ల మొన కొంతసేపు ఎర్రగా నుండును. మేలైన పుల్లలకు అట్లుండకుండ మందు పట్టింతురు గాని, ప్రతి పెట్టెయు మేలైనది కాదు. మైనపు పుల్ల గాలికి కొంత నిలుచును. నిలుచును గనుకనే పారవేసిన పిమ్మటను నిలుచును. కాలిన పుల్లను మరల పెట్టెలో దోపువారు గలరు. మిగిలిన పుల్లలన్నియు ఒక్కసారి భగ్గుమన్నచో అరచేయి దక్కదు.

ఇక లైటరు. ఇవి రెండు విధములు. పెట్రోలు లైటరున వత్తి యుండును, గాలికి తట్టుకొనును. కాని చేతినుండి జారినను మండుచునే యుండును. నూనె కారినచో జేబును, వ్రేళ్ళును తడియును. గ్యాసు లైటరు బొటనవ్రేలు తీసిన తోడనే ఆరును. ఇది గొప్ప గుణము. క్రింద పడినచో మంట వెంట రాదు, కాలిన పుల్ల మిగులదు. దానిని ఎండలో ట్రాక్టరు మీదను, మోటారు షెడ్డు రేకు మీదను ఉంచరాదు. లోనున్న ద్రవము వేడికి ఉబ్బి పెట్టె పగులును. టార్చివలె నీలిమంట చిమ్ము రకమొకటి గలదు. అది గాలికి లొంగదు గాని ఎండలో దాని మంట కంటికి కనబడదు. కనబడని మంటను ఎండుగడ్డి దగ్గర నేను నమ్మను. పైపు త్రాగువారు గిన్నెకు చిల్లుల మూత తగిలించుకొనిన, రవ్వ లోపలనే యుండును. చుట్టకు అట్టి మూత లేదు.

నిప్పు గాలికి ఆరకుండ శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములందు స్త్రీలు అడ్డపొగ త్రాగుదురు. చుట్ట మండుకొసను నోటిలోనే యుంచుకొందురు. రవ్వ బయటకు రాదు, నిజమే. ఆ వేడికిని పొగకును అంగిలి మాడి క్యాన్సరు పుట్టుచున్నది. గడ్డిని కాపాడి నోటిని కాల్చుకొనుట క్షేమమనిపించుకొనదు.

కావున నా నిర్ణయమిది. పొలమున గ్యాసు లైటరు మొదటిది. అది లేనినాడు మైనము లేని అగ్గిపుల్ల. కాని సాధనముకంటె నిలిచిన చోటు ముఖ్యము. గాలికి వెన్ను చూపి, రెండు చేతులను దొప్పవలె పట్టి ముట్టించుట అందరికిని తెలిసినదే. తెలియనిది, లేక తెలిసియు మరచునది రెండవ సగము. వెన్ను గాలికి పెట్టినప్పుడు, రాలిన రవ్వ మొగము ముందరికి పోవును. ఆ ముందర నేమున్నది? నీరుండవలెను, లేదా దున్నిన నేల యుండవలెను. వెన్ను గాలికి, మొగము నీటికి. ఇంతే నా శాస్త్రము. కాలువ గట్టు మంచి చోటు. కళ్ళము, గడ్డిమేటు, ఎండిన మొక్కజొన్న, పండిన చెరకు, డీజిలు డబ్బా, ఇవి కనుచూపులో నున్నంత వరకు చుట్ట జేబులోనే యుండవలెను. రోహిణి కార్తెలో వడగాలి వీచు మధ్యాహ్నము ఏ చోటును మంచిది కాదు.

ఆర్పుట ముట్టించుటకంటె పెద్ద పని. సుందరకాండమున హనుమంతుడు లంకను కాల్చిన వెంటనే తోక నిప్పును సముద్రమున చల్లార్చెను. గాలిలో విదలించి ఊరకుండలేదు. అటుపిమ్మట, ఈ మంటలలో సీతమ్మ యేమైనదో యని యెంతయో తల్లడిల్లెను. అంతవాడు వెనుదిరిగి చూచుకొనెను. మనము పుల్లను వెనుకకు విసరి ముందుకు పోవుదుము. కాలిన పుల్లను వ్రేళ్ళతో పట్టుకొని చూడవలెను. వ్రేలికి చల్లగా తగిలినప్పుడే అది చచ్చినట్లు. తడిమట్టిలో గ్రుచ్చి, మడమతో త్రొక్కి, అటుపై కదలవలెను. చుట్ట పీకకును ఇదే మర్యాద. చెవి వెనుకను, చూరులోను దాచుట ఈనాటితో మానుదము.

ఇక నా లెక్క.

ఈ గ్రంథాలయము పుట్టిన రెండేండ్లకు, 2002 వైశాఖమున, దీనికి పక్కా కట్టడము లేదు. తాటాకు పాక. దాని వెనుక ఒక చిన్న రైతు దాళ్వా గడ్డిని మేటు వేసికొనెను. ఒకనాటి సాయంకాలము ఆ మేటు అంటుకొన్నది. పడమటి గాలి. కుర్రవాళ్ళు పాకలోని పుస్తకములను పంచెలలో మూటగట్టి వీధిలోనికి చేరవేసిరి. తడి గోనెలతో పాకను నిలిపిరి. వెనుక బీరువాలోని కొన్ని సంపుటముల యంచులు నేటికిని నల్లగా నుండుట మీరు చూచియే యున్నారు. గడ్డి మాత్రము ఒక్క పరక మిగులలేదు. మేపలేక ఆ రైతు ఆ వేసవియందే ఎడ్ల జతను అమ్ముకొనెను.

మరునాడు నష్టపు జాబితా వ్రాసినవాడను నేను. కారణమన్న గడిలో "తెలియరాలేదు" అని వ్రాసితిని. తెలియును. అంతకు ముందు అరగంటకు నేను పాకనుండి పుస్తకము చేతబట్టుకొని వెలువడి, గాలికి వెన్ను చూపి, మైనపు పుల్లతో చుట్ట ముట్టించితిని. మొగమునకు ఎదుట ఆ గడ్డిమేటు. పుల్లను రెండుమార్లు విదలించి జారవిడిచి నడచిపోతిని. నాకు అప్పుడే క్రొత్తగా కొలువు వచ్చినది. నోరు మెదపలేదు. ఆ రాత్రి నుండి చుట్ట ముట్టలేదు గాని, మాటయు బయటపెట్టలేదు.

ఆ రైతు నేడు లేడు. గడచిన మాసమున వారి కుమారుని యింటికి పోయి జరిగినది చెప్పితిని. ఎడ్ల వెలను లెక్కకట్టి ముందుంచితిని. ఆయన చాలసేపు పలుకలేదు. "ఇన్నేళ్ళకా అండీ?" అని మాత్రము అడిగెను. దానికి నా యొద్ద ఉత్తరము లేకపోయెను. డబ్బును ఆయన తీసికొనలేదు, గ్రంథాలయమునకిమ్మనెను. కార్యదర్శిగారికి చెల్లించితిని. అందు కొంత వెచ్చించి, ఈ వేసవికి ముందు ప్రతి కళ్ళము వద్దను ఒక ఇసుక కుండ, ఒక నీటి తొట్టి పెట్టించుదమని నా మనవి.

ఆనాటి జాబితా ఏ కచేరి బీరువాలోనో యున్నది. దానిని దిద్దుట నా చేతిలో లేదు. కాబట్టి ఆ గడిలో వ్రాయవలసిన మాటను ఈ సంచికలో అచ్చు వేయుడని సంపాదకులను వేడుకొనుచున్నాను. కారణము: ఊరి లెక్కలు వ్రాయువాని అగ్గిపుల్ల.