విడిదికి తేలిక కుర్చీ

తేలికైనది సుఖముగా ఉండదనీ, సుఖమైనది తేలికగా ఉండదనీ కుర్చీల విషయములో ఒక పాత తగవు ఉన్నది. ఇంటిలో ఉన్నంతకాలము ఈ తగవు మనకు పట్టదు. వసారాలోని పడక కుర్చీ ఎంత బరువైతేనేమి, దానిని ఊరు దాటించే పని మనకు లేదు కదా! పగలంతా తెడ్డు వేసి, నడుమ నడుమ ఆ పడవనే భుజముల మీదికి ఎత్తుకొని అడవిదారిని నడిచి, పొద్దువాలే వేళకు ఏ సరస్సు ఒడ్డుననో గుడారము వేసుకొనేవారికి మాత్రము ప్రతి అరకిలో లెక్కలోకి వస్తుంది. అటువంటి ప్రయాణమునకు ఎటువంటి కుర్చీని ఎంచుకొనవలెనో ఈ ప్రసంగములో విచారించుకుందాము.

మన శ్రోతలకు ఈ విచారణ దేనికని కొందరు అనుకొనవచ్చును. తెలుగునాట ఎన్నో ఇండ్లలో కొడుకో కూతురో అమెరికాలో స్థిరపడి ఉన్నారు. వేసవిలో అక్కడకు వెళ్లిన తల్లిదండ్రులను తమతోపాటు సరస్సులకు, అడవులకు తీసుకొని వెళ్లవలెనని పిల్లలకు ఉంటుంది. పెద్దవారు మాత్రము, "నేల మీద కూర్చుంటే నేను లేవలేనమ్మా, మీరు వెళ్లి రండి" అంటారు. అక్కడితో వారి ప్రయాణము ముగిసిపోతుంది. మోకాళ్లు సహకరించని మనిషికి ఆ విడిదిలో చోటున్నదా లేదా అనేది చాలవరకు కూర్చునే వసతిని బట్టి తేలుతుంది. కాబట్టి ఈ కుర్చీ విలాసవస్తువు కాదని ముందుగానే చెప్పుకొనవలెను.

ఒక చోటును ఉదాహరణగా తీసుకుందాము. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దును ఆనుకొని 'బౌండరీ వాటర్స్' అనే అరణ్యప్రాంతమున్నది. విస్తీర్ణము పది లక్షల ఎకరములకు పైన. అందులో సరస్సులే వెయ్యికి మించి ఉన్నవి. 1964లో అమెరికా ప్రభుత్వము చేసిన అరణ్యరక్షణ చట్టములో ఇది చేరినది. 1978లో దీనికొరకే మరొక చట్టము వచ్చినది. ఎక్కువ సరస్సులలో మోటారు పడవలకు అనుమతి లేదు. రెండు కొసలూ కోసుగా ఉండే 'కనూ' అనే సన్నని తెడ్డు పడవలో వెళ్లవలసినదే. ఒక సరస్సుకు, మరొక సరస్సుకు నడుమ నేల అడ్డము వచ్చిన చోట పడవను, సామానును మోసుకొని నడుస్తారు. ఆ దారిని 'పోర్టేజి' అంటారు. దాని పొడవును నేటికీ 'రాడ్' అనే పాత కొలతతో చెబుతారు. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, అంటే రమారమి ఒక కనూ పొడవు. మైలుకు 320 రాడ్లు.

ఇక మోత సంగతి. 80 రాడ్ల దారి పావు మైలు. సామానంతా ఒకే విడతలో మోయగలిగితే పావు మైలు నడకతో సరిపోతుంది. ఒక విడతలో తెమలకపోతే ఒకసారి మోసి, ఖాళీ చేతులతో వెనుకకు వచ్చి, మిగిలినది మళ్లీ మోయవలెను. పావు మైలు దారి ముప్పావు మైలు అవుతుంది. రోజుకు అటువంటివి నాలుగైదు దాటవలసి వస్తే ఈ తేడా ఏపాటిదో నడిచిన కాళ్లకే తెలుస్తుంది. చేతులు ఉన్న పెద్ద మడత కుర్చీలు, పచ్చిక మీద ఆటలు చూడడానికి కార్లలో వేసుకొని పోయేవి, ఒక్కొక్కటి మూడున్నర నాలుగు కిలోలు ఉంటవి. నలుగురికి నాలుగు తీసుకుంటే పదహారు కిలోలు! కెవ్లార్ పోగులతో చేసిన నేటి కనూయే ఇరువది కిలోల ప్రాంతములో ఉంటుంది. కుర్చీలకొరకు ఇంచుమించు మరొక పడవను మోసినట్లే.

ఈ బరువుకు విరుగుడుగా వచ్చిన కుర్చీలు ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది గుడారపు కమ్ముల వంటి అల్యూమినియము గొట్టములతో చేసినది. గొట్టముల లోపల సాగే త్రాడు ఉండి, విదిలించగానే ఒకదానిలో ఒకటి దూరి చట్రముగా నిలుస్తవి. నాలుగు మూలల సంచులలో వాటి కొసలు దూర్చితే బట్ట బిగిసి కూర్చునే చోటు ఏర్పడుతుంది. మామూలుగా ఒక కిలో బరువు ఉంటుంది. అరకిలోకు దిగినవి కూడా ఉన్నవి. రెండవ జాతి కుర్చీకి కాళ్లే లేవు. లోపల మెత్త ఉన్న రెండు పలకలను ప్రక్కల పట్టీలతో కలిపి, ఆ పట్టీల బిగువుతోనే వీపుకు ఆనుడు కల్పిస్తారు. అది ఆరువందల గ్రాముల మాట. సంస్థల పేర్లు చెప్పి ఫలానాది కొనండి అనడము మా పని కాదు. జాతి తెలిస్తే ఎంపిక శ్రోతలే చేసుకోగలరు.

అంగడిలో మొదట మన కంటబడేది బరువు చీటీయే. అరకిలో అని చూడగానే చేయి అటే పోతుంది. అయితే ఆ తేలిక ఎక్కడినుండి వచ్చినదో చూడవలెను. గొట్టములు పొట్టివి చేయడమువలననే అది చాలవరకు వస్తుంది. మన భోజనపు బల్ల వద్ద ఉండే కుర్చీ పీఠము నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కిలో బరువు కుర్చీలలో అది 35 సెంటీమీటర్లకు లోపు. అరకిలో వాటిలో ముప్పదికి కూడ రాదు. పైగా మనిషి కూర్చోగానే బట్ట నులకమంచమువలె క్రిందికి జారుతుంది. తుంటికన్న మోకాళ్లు ఎత్తున నిలుస్తవి. పాతికేళ్ల కుర్రవానికి అందులో వెనుకకు వాలి సరస్సును చూడడము హాయిగానే ఉంటుంది. అరువది దాటినవారికి కూర్చున్నంతసేపూ సుఖమే. తంటా అంతా లేవడములో ఉన్నది.

మనము కుర్చీనుండి లేచేటప్పుడు ఏమి చేస్తామో ఒకసారి గమనించండి. ముందుకు వంగుతాము, పాదములను వెనుకకు, మోకాళ్ల క్రిందికి లాక్కొంటాము, అప్పుడు లేస్తాము. పీఠము ఎంత క్రిందికి పోతే మోకాళ్ల మీద పడే శ్రమ అంత పెరుగుతుంది. కుర్చీకి ముందువైపున అడ్డకమ్మి ఉంటే పాదములు వెనుకకు రావు. అప్పుడు ఎంత బలము ఉన్నా లేవడము కష్టమే. చేతులు ఆనించడానికి గట్టి ఆధారము ఉంటే ఆ శ్రమలో కొంత భుజములు పంచుకొంటవి. కాబట్టి పెద్దవారికి కుర్చీ కొనేటప్పుడు మొదట ఎత్తును, తరువాత ముందువైపు ఖాళీని, ఆ పైన చేతులను చూచి, చిట్టచివర బరువును అడగవలెను. మోకాలికో తుంటికో శస్త్రచికిత్స జరిగినవారికి వైద్యులు తగ్గు కుర్చీలు వద్దని చెబుతారు. వారి విషయములో తేలిక అనే మాటే ఎత్తవద్దు.

నలబై అయిదు సెంటీమీటర్ల ఎత్తుకు దగ్గరగా వచ్చే గొట్టపు కుర్చీలు లేకపోలేదు. అవి ఒకటిన్నర నుండి రెండు కిలోల వరకు తూగుతవి. మా సలహా ఇది: అందరికీ ఒకే రకము కొనవద్దు. పెద్దవారికి రెండు కిలోల ఎత్తు కుర్చీ ఒకటి, మిగిలిన ముగ్గురికి కాళ్లులేనివి మూడు తీసుకుంటే మొత్తము నాలుగు కిలోలకు లోపే తేలుతుంది. ఆ పెద్ద మడత కుర్చీలలో అది ఒక్కదాని బరువు. ఆపైన నడక బొత్తిగా పడనివారుంటే, పోర్టేజి దాటకుండానే చేరగల విడిదులు కూడా బౌండరీ వాటర్స్‌లో కొన్ని ఉన్నవి, వాటినే ఎంచుకొనవచ్చును.

బరువు, ఎత్తు కుదిరిన తరువాత నేల సంగతి వస్తుంది. బౌండరీ వాటర్స్‌లో చాలా చోట్ల రాతినేల. మన గోదావరి తిన్నెల మీద అంతా ఇసుక. కార్తిక వనభోజనములకు ఈ గొట్టపు కుర్చీని తీసుకొని పోయినవారికి దాని కాళ్లు ఇసుకలో దిగబడడము అనుభవములోని సంగతే. అందుకు కారణము లెక్కలో తెలిసిపోతుంది. కాలి క్రింది రబ్బరు బిళ్ల అడ్డుకొలత రెండున్నర సెంటీమీటర్లు అనుకుంటే, నాలుగు బిళ్లలూ కలిసి ఇరువది చదరపు సెంటీమీటర్లు. వాటి మీద డెబ్బది కిలోల మనిషి కూర్చుంటే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు పడుతుంది. ఆ మనిషే తన పాదముల మీద నిలబడితే, రెండు పాదముల వైశాల్యము సుమారు 300 చదరపు సెంటీమీటర్లు గనుక, పావు కిలోకు మించదు. మనిషి దిగబడని ఇసుకలో కుర్చీ దిగబడడములో వింత లేదు. ప్రతి కాలికీ పాత టెన్నిసు బంతిని చిల్లుచేసి తొడిగితే చాలవరకు నిలుస్తుంది. నాలుగు కాళ్ల క్రిందా పరచే బట్టలు కూడా అమ్ముతారు, బంతులు చవక.

రాతినేలతో వచ్చే చిక్కు వేరు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్లూ ఆనవు, కుర్చీ ఊగుతుంది. ముక్కాలిపీట ఎక్కడ వేసినా ఊగదు, కాని ప్రక్కకు ఒరిగితే ఇట్టే పడుతుంది. దీనికి ఒక చక్కని ఉపాయము మన దేశములోనే పుట్టినది. పందొమ్మిదవ శతాబ్దము చివర, సైనిక ఇంజనీర్ల స్థావరమైన రూర్కీ పేరుతో ఒక మడత కుర్చీ వెలసినది. కాళ్లకు, అడ్డకఱ్ఱలకు నడుమ జిగురు లేదు, మేకు లేదు. కొసలు సన్నగా చెక్కిన కఱ్ఱలు అటువంటి రంధ్రములలోనే ఊరక దూరి ఉంటవి. మనిషి కూర్చోగానే కాన్వాసు, తోలుపట్టీలు బిగుసుకొని కీళ్లను పట్టి ఉంచుతవి. కీళ్లు కొంత కదలనిస్తవి గనుక ఒక్కొక్క కాలు తన నేలను తాను వెదకుకొంటుంది. డెన్మార్కు శిల్పి కారె క్లింట్ 1933లో చేసిన ప్రసిద్ధమైన 'సఫారీ' కుర్చీకి ఇదే మాతృక. ఇప్పటి గొట్టపు కుర్చీలో కూడా చట్రము కొంత వంగుతుంది, కాని ఆ పాత దానంత ఓర్పు దీనికి లేదు. అందుచేత కూర్చునే ముందు చేతితో నొక్కి నాలుగు కాళ్లూ ఆనినవో లేదో చూడవలెను.

పడవలో కూర్చునే విషయమై ఒక హెచ్చరిక చేయక తప్పదు. కాళ్లున్న కుర్చీని కనూలో వేసి కూర్చోరాదు. బరువు ఎంత ఎత్తున ఉంటే పడవ అంత తేలికగా ఒరుగుతుంది. తెడ్డు వేసేవారికి పడవలోనే పీటలు ఉంటవి. నడుమ కూర్చునే ప్రయాణికులు అడుగున కూర్చోవడమే క్షేమము. అక్కడ కాళ్లులేని కుర్చీ అక్కరకు వస్తుంది. పడవ పీటకు పట్టీలతో బిగించే రకము కూడా ఉన్నది. పట్టీలు కుర్చీని పీటకు బిగించడానికి మాత్రమే. మనిషిని ఎన్నడూ కుర్చీకి కట్టకూడదు. వీపు ఆనుడు అడ్డమని ప్రాణరక్షణ కవచమును విప్పడము అంతకన్న తప్పు.

బట్ట విషయము క్లుప్తముగా. నూలు కాన్వాసు తడిస్తే బరువెక్కుతుంది, ఆరకపోతే బూజు పడుతుంది. నైలాను, పాలియెస్టరు బట్టలు త్వరగా ఆరుతవి గాని నిప్పురవ్వ పడితే చిల్లు పడుతవి. నెగడుకు ఎడముగా ఉంచడమే మార్గము. మూలలలో గొట్టపు కొసలు దూరే సంచుల కుట్టును వేళ్లతో లాగి చూడండి. ఈ కుర్చీలు మొదట అక్కడనే చిరుగుతవి. మనిషి లేచిన తరువాత కుర్చీని బోర్లించవలెను. కిలో బరువున్న వస్తువు గాలికి లేచి సరస్సులోకో నెగడులోకో పోవడము ఎంతసేపు!

కొనే ముందు అంగడిలో రెండు నిమిషములు కూర్చుని చూచినంత మాత్రాన ఏమీ తెలియదు. ఆ పెద్దవారినే వెంటబెట్టుకొని వెళ్లి, ఎవరి చేయీ పట్టుకోకుండా అయిదారుసార్లు లేచి కూర్చోమనండి. ఇంటికి తెచ్చిన తరువాత పెరటిలో మట్టినేల మీద వేసి, రేడియోలో ఒక సంగీత కచేరీ పూర్తి అయ్యేవరకు అందులోనే కూర్చోనివ్వండి. తొడల క్రింద బట్ట అంచు ఒత్తుకొంటున్నదా, మెడకు ఆసరా చాలుతున్నదా అన్నది అప్పుడు బయటపడుతుంది. నచ్చకపోతే మార్చుకొనే గడువు ఎన్నాళ్లో బిల్లు మీద ముందే వ్రాయించుకొనవలెను; ప్రయాణము ఇంకా పదిహేను రోజులు ఉండగానే కొంటే ఆ గడువు మనకు పనికి వస్తుంది.