ఎండమావి



నిన్న ప్రవచనానంతరం ఒక వృద్ధమాత నన్ను సమీపించి, "నాయనా, జగత్తు మిథ్య అని ముప్పది ఏళ్లుగా వింటున్నాను. నా కంటికి మాత్రం అది నిజంగానే కనబడుతోంది. విన్నదంతా వృథాయేనా?" అని అడిగారు. ఆమె కంట నీరు నిలిచింది.

వేదాంతులు భ్రాంతిని రెండు విధాలుగా విభజించారు. మసక వెలుతురులో త్రాటిని చూచి పాము అనుకుంటాం. దీపం తేగానే పాము మాయమవుతుంది. ఇది నిరుపాధికం. ఎండమావి అటువంటిది కాదు. అక్కడ నీరు లేదని తెలిసిన తరువాత కూడ కన్ను నీటినే చూపుతుంది. వేడెక్కిన నేల, వంగిన కాంతి అనే ఉపాధి ఉన్నంతవరకు ఆ దృశ్యం తొలగదు. ఇది సోపాధికం.

ఈ రెండవ రకం భ్రాంతిని పాశ్చాత్యులు కూడ శ్రద్ధతో పరిశీలించారు. 1889లో ముల్లర్-లయర్ అనే జర్మను పండితుడు రెండు సమానమైన గీతలను చూపాడు. ఒకదాని కొనలకు బాణపు మొనలు, రెండవదానికి తిరగబడిన మొనలు. మొదటిది పొట్టిగా తోస్తుంది. కొలిచి చూచుకొన్నా అలాగే తోస్తుంది! 1898లో రివర్స్ అనే ఆంగ్ల వైద్యుడు ఆస్ట్రేలియాకు ఉత్తరాన, టోరెస్ జలసంధి ద్వీపవాసులకు ఈ గీతలు చూపగా, వారు ఆంగ్లేయులకన్న తక్కువగా మోసపోయారు. నిలువుగీత, అడ్డగీతల భ్రాంతిలోనో, వారే ఎక్కువగా మోసపోయారు. మూలలు తీర్చిన గదులలో పెరిగిన కంటి అలవాటే ఇందుకు కారణమని కొందరి ఊహ. ఆ వివాదం నేటికీ తేలలేదు.

ఇక కళాకారుల సంగతి. రోము నగరంలోని సెయింట్ ఇగ్నేషియస్ చర్చికి గుమ్మటం లేదు. 1685లో ఆంద్రియా పోత్సో అనే చిత్రకారుడు గుడ్డపై గుమ్మటాన్ని చిత్రించి కప్పుకు అమర్చాడు. నేలపై గుర్తు పెట్టిన చోట నిలిస్తే నిజమైన గుమ్మటమే. కొంచెం పక్కకు జరిగితే ఒరిగిపోతుంది.

కుంభకోణం చెంత దారాసురంలో, 12వ శతాబ్దపు ఐరావతేశ్వరాలయంలో, మన శిల్పి ఏమీ దాచలేదు. తల ఒక్కటే, దేహాలు రెండు. అరచేతితో ఒకవైపు మూస్తే వృషభం, రెండవవైపు మూస్తే గజం. కిటుకు తెలిసినవానికే ఆనందం ఎక్కువ. తెలిసినా రెండూ కనబడుతూనే ఉంటాయి.

ఆ తల్లితో ఇదే అన్నాను. "అమ్మా, ఎండమావి కనబడినందుకు దుఃఖించకండి. నీటికోసం బిందె పట్టుకొని వెళ్తున్నారా లేదా, అది చూచుకోండి."

ఆమె కొంతసేపు ఆలోచించి, "ఇంకా వెళ్తూనే ఉన్నాను నాయనా. ఈమధ్య బిందె కాస్త చిన్నదయింది" అన్నారు.