మెదడులో క్రొత్త కణములు

తెలిసిన పేరు నోటిదాకా వచ్చి అందనపుడు, మెదడు అరిగిపోవుచున్నదని నిట్టూర్చెదము. శాస్త్రజ్ఞులును ఇంచుమించు అట్లే తలచిరి. పోయిన నాడీకణము తిరిగి పుట్టదని స్పెయిన్ దేశపు రామోన్ ఇ కహాల్ అంతటివాడు చెప్పియుండగా కాదనువారెవరు?

1962లో అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఆ సాహసము చేసెను. కణము రెండగునపుడు దానిలో ఇమిడిపోవు థైమిడిన్‌కు రేడియోధార్మికపు గుర్తుపెట్టి ఎలుకల కెక్కించెను. ఎదిగిన ఎలుకల మెదడులోను ఆ గుర్తుగల నాడీకణములు కానవచ్చెను. 1965లో గోపాల్ దాస్‌తో కలసి, జ్ఞాపకమునకు ఆటపట్టైన హిప్పోకాంపస్‌లో అవి పుట్టుచున్నవని ప్రకటించెను. పండితలోకము విని ఊరకుండెను. పొరపాటని నిరూపించినను మేలే, పట్టించుకొనకుండుట మాత్రము మాకు వింతగా తోచును.

1998లో మానవులలోను అట్టి కణములు కనబడినవి. 2013లో, అణ్వస్త్ర పరీక్షలవలన గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారముగా, హిప్పోకాంపస్ ఒక్కొక్క ప్రక్క దినమునకు సుమారు 700 పుట్టునని లెక్కకట్టిరి. 2018లో ఒక బృందము పెద్దలలో అవి కానరాలేదనగా, అదే యేట వేరొక బృందము వృద్ధులలోను కలవనెను. మరణానంతరము మెదడును భద్రపరచుటలో ఆలస్యమైనచో గుర్తులు చెరిగిపోవుటయు కలదు.

2019లో స్పెయిన్‌లోనే అల్జైమర్ వ్యాధిగ్రస్తులలో లేతకణములు తగ్గియుండుట చూచిరి. అవి తగ్గుటవలన మరుపు వచ్చినదా, వ్యాధివలన అవి తగ్గినవా యనునది తేలవలసియున్నది.