నమ్మకానికి కాపలా

పట్టాలు అందుకున్న మీకు, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన తల్లిదండ్రులకు అభినందనలు.

2024 జులై 31న దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు ఫోన్లో డబ్బు పంపే దారి మూసుకుపోయింది. వాటిలో సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులే ఎక్కువ. దాడి నేరుగా వాటిపై జరగలేదు. వాటికి సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ సంస్థపై రాన్సమ్‌వేర్ (కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజే సాఫ్ట్‌వేర్) దాడి జరిగింది. దొంగలు చొరబడింది సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే మరో కంపెనీలో సరిగా అమర్చని సర్వర్ గుండా అని సైబర్ భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్ విశ్లేషణ చెప్పింది. ముప్పు పాకకుండా దేశంలో రిటైల్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ సీ-ఎడ్జ్‌ను చెల్లింపుల నెట్‌వర్క్ నుంచి విడదీసి, మర్నాడు మళ్లీ కలిపింది.

కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల మనది. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది; పై కట్ట తెగితే కింది కట్టకూ ముప్పే. సంస్థల గొలుసూ అంతే. అలాగని దాన్ని తెంచుకోలేం. ప్రతి కట్టకూ కాపలా ఉండాలి, ప్రమాద వార్త కిందికి వెంటనే చేరాలి.

కట్ట లోపలి నుంచీ తెగవచ్చు. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ సహకార బ్యాంకు నుంచి దొంగలు రూ.12 కోట్లకు పైగా మళ్లించారు. ఉద్యోగులు మోసపు ఈమెయిళ్లు తెరవడంతో అది మొదలైందని పోలీసులు తేల్చారు. సొమ్ము వందల ఖాతాల్లోకి చెదిరిపోయింది.

మీలో కొందరు రేపు సహకార సంఘంలో, మీసేవలో, ఆసుపత్రిలో కూర్చుంటారు. రైతు ఆధార్, వేలిముద్ర, పాసుపుస్తకం మీ ముందుకొస్తాయి. మీ వెనకున్న సంస్థలేవో ఆయనకు తెలియదు. ఆయన నమ్మేది మిమ్మల్ని.

మీ పాస్‌వర్డ్ పక్క సీటువాళ్లకూ చెప్పకండి. భాగస్వామి సంస్థకు దాని పనికి కావలసినంత సమాచారమే ఇవ్వండి. పని ముగియగానే దానికిచ్చిన అనుమతి తీసేయండి. పొరపాటున అనుమానపు లింకు నొక్కితే ఆ నిమిషమే పై అధికారికి చెప్పండి. సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో సంస్థలు తనకు తెలపాలని 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. సైబర్ మోసంలో డబ్బు పోయినవారు వెంటనే హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రేపు మీరే అధికారులైతే, తప్పు ఒప్పుకుని వచ్చిన ఉద్యోగిని అందరి ముందూ తిట్టకండి. ఒకరిని తిడితే పదిమంది దాస్తారు. దాచిన ప్రతి గంటా దొంగకే లాభం.

ఎన్నో సంస్థలు ఒకదాన్నొకటి నమ్మి పనిచేయబట్టే మరిపెడలో ఉన్న తల్లి హైదరాబాద్‌లో చదివే బిడ్డకు క్షణంలో ఫీజు పంపగలుగుతోంది. ఆ నమ్మకం నిలవాలంటే చెడువార్తనైనా దాచకుండా చెప్పే ధైర్యం గల ఉద్యోగులు కావాలి. మీరు అలాంటివారు కావాలని మనసారా కోరుతున్నాను.