స్నాతకోత్సవ ప్రసంగం: పొలం సారం, మూసీ దారి

హైదరాబాద్‌కు రోజూ లారీల్లో వచ్చే బియ్యం, కందిపప్పు, కూరగాయలతో పాటు పొలాల నత్రజని, భాస్వరం, పొటాష్ కూడా నగరంలోకి దిగుతాయి. పల్లెలో అవి పెంటకుప్ప నుంచో, చేలో కట్టిన గొర్రెల మంద నుంచో మళ్లీ మట్టికే చేరేవి. నగరంలో డ్రైనేజీ పైపుల గుండా మూసీ నదిలో కలుస్తున్నాయి. పొలంలో పడిన లోటును యూరియా, డీఏపీతో పూడ్చాల్సి వస్తోంది. యూరియాకు సహజవాయువు కావాలి. భాస్వరపు ముడిరాయిలో అత్యధిక భాగం దిగుమతే.

నీటిలో చేరిన పోషకాలు ఊరికే ఉండవు. చెరువులో భాస్వరం పెరిగితే నాచు, గుర్రపు డెక్క కమ్ముకుంటాయి. అవి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తరిగిపోయి చేపలు చచ్చి తేలతాయి. ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన హుస్సేన్ సాగర్‌ను పచ్చటి నీళ్ల చెరువుగా మార్చింది ఈ మురుగే. 1908 మూసీ వరదల తర్వాత నగరానికి ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. నది నీరు అక్కడే ఆగిపోవడంతో వేసవిలో నగరం దాటే మూసీలో పారేది చాలావరకు మురుగునీరే.

ఆ నీటితోనే నగరం దిగువన రైతులు పారా గడ్డి పెంచుతూ వచ్చారు. ఎరువు వేసే పని లేదు. కోసిన కొద్ది వారాలకే మళ్లీ కోతకొస్తుంది. మోపులు కట్టి నగరంలోని పాడి గేదెల కోసం అమ్ముతారు. నగరం పారబోసిన నత్రజని పాలై నగరానికే తిరిగి వస్తోందన్నమాట. ఎవరూ ప్రణాళిక వేయకుండా రైతు తన కష్టంతో కలిపిన గొలుసు ఇది. దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు. దీని ఖరీదూ తక్కువేమీ కాదు. ఇంకా దిగువన నదికి అడ్డంగా కట్టిన కత్వల నుంచి కాలువల్లోకి మళ్లిన నీటితో వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు పెరుగుతుంది. మడిలో దిగిన కూలీల కాళ్లకు దురదలు పుడతాయి. పరిశ్రమల వ్యర్థాలూ ఇందులోనే కలవడంతో భారలోహాల భయం గడ్డికీ పాలకూ పాకింది.

మామూలు శుద్ధి కేంద్రం సేంద్రియ మలినాన్ని తగ్గిస్తుంది. నత్రజని, భాస్వరం తీయడానికి అదనపు దశలు కావాలి. అక్కడా నత్రజని ఎక్కువగా వాయువై గాలిలో కలుస్తుంది. నదికి మేలే గానీ పొలానికి ఏమీ మిగలదు.

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న ఇంజినీర్లకు, వ్యవసాయ శాస్త్రవేత్తలకు చేతినిండా పని ఇక్కడే ఉంది. అన్నిటికన్నా ముందు పరిశ్రమల వ్యర్థాన్ని ఇంటి మురుగులో కలవనివ్వకూడదు. ఇంటి మురుగునీటిలో మూత్రం వంతు సుమారు 1 శాతమే. అయినా నత్రజనిలో అధిక భాగం, భాస్వరంలో దాదాపు సగం అందులోనే ఉంటాయి. కొత్త భవనాల్లో దానికి వేరే పైపు వేయవచ్చు. అందులో మెగ్నీషియం కలిపితే భాస్వరం స్ట్రువైట్ అనే స్ఫటికాలుగా పేరుకుంటుంది. దాన్ని ఎరువుగా చల్లవచ్చు. వంటింటి తడి చెత్తను విడిగా తీసుకుంటే మంచి కంపోస్టు అవుతుంది. అందులో గాజుపెంకులు, బ్యాటరీలు కలిస్తే మాత్రం దాన్ని ఏ రైతూ కొనడు.