అరసవల్లి కిరణ దర్శనము – శంకుచ్ఛాయ



రథసప్తమి పర్వదినాన ప్రత్యక్ష నారాయణుని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ధర్మకర్తలు మమ్ము కోరారు. గత సంవత్సరం ఇదే వేదికపై మేము చేసిన ప్రసంగంలో ఒక పొరపాటు దొర్లినది. ముందుగా దానిని సరిదిద్దుకొని, ఆపైన తక్కిన విషయం మనవి చేస్తాము.

శ్రీకాకుళానికి చేరువనున్న అరసవల్లి క్షేత్రాన్ని మీలో చాలమంది సేవించియే ఉంటారు. కళింగ గాంగ వంశీయుడైన దేవేంద్రవర్మ ఆ ఆలయాన్ని నిర్మించినట్లు స్థలచరిత్ర చెబుతున్నది. ఏటా మార్చి 10వ తేదీ ప్రాంతంలో కొన్ని దినాలు, మరల అక్టోబరు 2వ తేదీ ప్రాంతంలో కొన్ని దినాలు, ఉదయకిరణాలు గోపురద్వారం మీదుగా అనివెట్టి మండపాన్ని, ధ్వజస్తంభ ప్రదేశాన్ని దాటి గర్భాలయంలోని స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు లేని ఏడు ఆ దర్శనం కొద్ది నిమిషాలు లభిస్తుంది. మబ్బు కమ్మిన ఏడు తెల్లవారకముందే వచ్చి నిలుచున్న భక్తులు నిట్టూర్చి వెనుదిరుగుతారు.

నిరుడు మేము ఈ విశేషాన్ని వర్ణిస్తూ, "రాత్రింబవళ్ళు సమానమైన విషువద్దినాలలో సూర్యుడు సరిగా తూర్పున ఉదయిస్తాడు గనుక ఆ కిరణాలు స్వామి పాదాలకు చేరుతున్నవి" అన్నాము. సభ చప్పట్లు కొట్టినది. ప్రసంగం ముగిసిన పిమ్మట పదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు వచ్చి నమస్కరించి, "తాతగారూ, విషువత్తులు మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాలలో కదా? కిరణాలు పడేది ఆ రోజులలో కాదు కదా?" అని అడిగాడు. మాకు సమాధానం తోచలేదు. "అది స్థలమాహాత్మ్యం నాయనా" అని పంపివేశాము. ఆ మాట అబద్ధం కాదు. కాని అతడు అడిగినదానికి అది జవాబు కాదు. ఆ సంగతి అతనికీ తెలిసినది, మాకూ తెలిసినది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎనిమిదవ యేట పాఠశాలలో చేరిన మేము వేదంతోపాటు శుల్బసూత్రాలు, కొంత జ్యోతిషం గురుముఖతః అధ్యయనం చేసినవారమే. యజ్ఞవేదికకు తూర్పుదిక్కును శంకువు నీడతో నిర్ణయించే విధానం కాత్యాయన శుల్బసూత్రంలో ఉన్నది. సూర్యసిద్ధాంతంలోని త్రిప్రశ్నాధికారంలోను ఉన్నది. అది మాకు కంఠస్థమే. అయినా డెబ్బది యేండ్లు నిండినా ఒక్కనాడైనా మేము శంకువు నాటి చూడలేదు.

మరునాడే పెరటిలో కొంత నేలను నీరు పోసి సమతలం చేశాము. పన్నెండంగుళాల నున్నని కర్రను నిలువుగా నాటి, అంతే పొడవు గల దారంతో దానిచుట్టు ముగ్గుపిండితో వృత్తం గీచాము. ఈ వయసులో ఈ ఆటలేమిటని మా ఇల్లాలు నవ్వినది. పొద్దు పైకి వచ్చిన కొలది నీడ కురుచయై, దాని కొన పడమటి వైపున వృత్తాన్ని తాకి లోపలికి వచ్చినది. మధ్యాహ్నం దాటిన తరువాత తూర్పు వైపున తాకి వెలుపలికి పోయినది. ఆ రెండు గుర్తులను కలిపిన రేఖయే తూర్పు పడమరల రేఖ. ఉదయం నుండి సాయంకాలానికి సూర్యుని క్రాంతి కొంచెం మారుతుంది గనుక ఇందులో అత్యల్పమైన దోషం ఉంటుంది. తరువాతి సిద్ధాంతకర్తలు దానినీ గుర్తించి సంస్కారం చెప్పారు. దిక్కే కాదు, ఊరి అక్షాంశమూ ఈ నీడ వలన తెలుస్తుంది. విషువద్దినాన మిట్టమధ్యాహ్నం పన్నెండంగుళాల శంకువునకు పడే నీడను పలభ అంటారు. అరసవల్లిలో అది సుమారు నాలుగంగుళాలు.

ఆ తూర్పురేఖ ప్రక్కన కూర్చుండి బాలుని ప్రశ్నను మరల ఆలోచించాము. దక్షిణాయనం ముగిసి సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21 ప్రాంతంలో. అక్టోబరు 2 నుండి అక్కడికి 80 దినాలు. అక్కడి నుండి మార్చి 10కి 79 దినాలు. చూచారా! దక్షిణానికి పోవునప్పుడు ఏ చోట ఉదయించాడో, తిరిగి వచ్చునప్పుడు దాదాపు అదే చోట ఉదయిస్తున్నాడు. ఆ చోటు సరియైన తూర్పునకు సుమారు నాలుగు భాగలు దక్షిణంగా ఉన్నది. ద్వారాల వరుస మారదు. సూర్యుడే ఆ వరుసకు ఎదురుగా ఏటా రెండుమార్లు వస్తున్నాడు. బాలుని లెక్క సరియైనది, మా వర్ణన తప్పు. ఆలయానికి జీర్ణోద్ధరణలు జరిగినా ఆ వరుసకు అడ్డు రాకుండ కాపాడినవారు కూడ మనకు వంద్యులే.

పూర్వులు చెప్పినదానిని పరీక్షించుట అపచారమని కొందరి భయం. వరాహమిహిరాచార్యుల బృహత్సంహితలో ఆదిత్యచారాధ్యాయం చూడండి. లగధుని వేదాంగజ్యోతిషం ఉత్తరాయణారంభాన్ని ధనిష్ఠాదిలో చెప్పినది. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు, పూర్వశాస్త్రాలలో అట్లున్నది, ఇప్పుడు మకరాదిలో జరుగుచున్నది అని నిస్సంకోచంగా వ్రాశాడు. సందేహమున్నవారు ఉదయాస్తమయ కాలాలలో దూరపు గుర్తులను బట్టి గాని, వృత్తంలో శంకుచ్ఛాయను బట్టి గాని స్వయంగా చూచుకొనుడని ఉపాయమూ చెప్పాడు. ఋషిని గౌరవించాడు, ఆకాశాన్నీ చూచాడు. భూమియే తిరుగుచున్నదని 499లో ఆర్యభటుడు చెప్పగా, ఇదే వరాహమిహిరుడు అంగీకరించలేదు. అక్కడ ఆర్యభటుని పక్షమే నిలిచినది. పెద్దలలో వాదాలుండేవి, ఆ వాదాలను దాచిపెట్టలేదు కూడ. నేటి యంత్రాలన్నీ మన గ్రంథాలలో ఉన్నవని వేదికలపై చెప్పేవారిని చూస్తే, ఉన్న గ్రంథాలను వీరు తెరచి చూచారా అని మాకు శంక కలుగుతుంది.

వరాహమిహిరుని కాలంలో దాదాపు కలసి ఉన్న అయనారంభమూ, మకర సంక్రమణమూ ఇప్పుడు సుమారు 24 దినాలు ఎడమైనవి. విషువద్బిందువు సుమారు 72 సంవత్సరాలకు ఒక భాగ చొప్పున వెనుకకు జరుగుటయే కారణం. నేడు అయనారంభంలో సూర్యుడు మూలా నక్షత్రంలో ఉంటున్నాడు. అయితే మన సంక్రాంతి తప్పా అని అడుగుతారు. కాదు. సంక్రాంతి నక్షత్రచక్రాన్ని బట్టి మకరరాశి ప్రవేశం; పండుగ దానికే. ఎండ ఉత్తరానికి తిరిగేది మాత్రం వేరొకనాడు. రెండింటినీ ఒకటిగా చెప్పి పిల్లల ముందు చిక్కుకొనవద్దని మా మనవి. చిక్కుకొన్నవారము గనుకనే చెబుతున్నాము.

రేపు ఉదయం ఈ ప్రాంగణంలోనే, ధ్వజస్తంభానికి దక్షిణంగా దాని నీడ పడని చోట, శంకువు నాటుటకు ధర్మకర్తలు అనుమతించారు. మొదటి గుర్తు పది గంటలు దాటిన కొంతసేపటికి, రెండవది మధ్యాహ్నం రెండు గంటల పిమ్మట పడుతుంది. దారం, ముగ్గుపిండి మేమే తెస్తాము. నిరుడు ప్రశ్న అడిగిన బాలునికి కబురు పంపినాము; గుర్తులు పెట్టే పని అతనిదే.

స్వస్తి.