బాలక్రీడా ధర్మము



మన సంఘము పిల్లలకై క్రీడాశాఖను నెలకొల్ప నెంచుట ముదావహము. అందుఁ గూర్చి వృద్ధోపాధ్యాయులమగు మేము విన్నవించున దొక్కటి కలదు.

అమెరికాలోని విలియమ్స్‌పోర్టు పట్టణమున 1939లో కార్ల్ స్టాట్జ్ అనునతఁడు మూఁడు జట్లతో బాలురకు బేస్‌బాల్ లిటిల్ లీగును స్థాపించెను. శీలము, ధైర్యము, నిష్ఠ యనునవి దాని ధ్యేయములు. 1955లో వానికిఁ బరీక్ష వచ్చెను. దక్షిణ కరోలినా రాష్ట్రపు పోటీకిఁ జార్లెస్టన్ నగరమునుండి నల్లజాతి బాలుర జట్టొకటి పేరిచ్చెను. వారితో నాడ నొల్లక శ్వేతజాతి జట్లన్నియుఁ దొలఁగెను. ఆడి గెలిచినవారే పైపోటీలకర్హులను నియమము చూపి, యధికారు లా బాలురను విలియమ్స్‌పోర్టునకు అతిథులుగా మాత్రము పిలిచి, ప్రేక్షకులలోఁ గూర్చుండఁబెట్టిరి. "వారి నాడనిండు" అని జనులు కేకలు వేసినను ఫలము లేకపోయెను. రాష్ట్రవిజేతల గౌరవము వారికి 2002లోఁ గాని దక్కలేదు. అప్పటికి వా రఱువదియేండ్లకుఁ జేరువైరి. నాఁడు నియమము నిలిచెను గాని ధర్మము నిలువలేదు.

కావున మన క్రీడాశాఖ దరఖాస్తులోఁ గులము నడుగు గడి యుండరాదు. స్థలము మనది, ధనము మనది, ఆట యూరిబిడ్డలందఱిది. ఈ మాట కులసభయందే చెప్పఁదగినది గనుకఁ జెప్పితిమి. స్వస్తి.